సిపి దారిలో రెండు వేల షిల్లింగులు

ఆఫ్రికాలో జలపాతం అంటే మనలో చాలామందికి గుర్తొచ్చేది విక్టోరియా ఫాల్స్ ఒక్కటే. రీల్స్‌లోనూ అదే, క్విజ్ పుస్తకాల్లోనూ అదే. కానీ ఉగాండాకు తూర్పు చివర, కెన్యా సరిహద్దుకి దగ్గర్లో, ఎల్గాన్ పర్వతం వాలులో సిపి అని ఓ చిన్న ఊరుంది. ఒక తారు రోడ్డు, దానికి అటూ ఇటూ రేకుల కప్పు షాపులు, మేకలు, మొబైల్ మనీ డబ్బాలు, చపాతీ పెనాలు. అంతే ఊరు. అదే పేరున్న నది ఆ కొండ మీద నుంచి మూడుసార్లు దూకుతుంది. అందుకే అక్కడ మూడు జలపాతాలు. అన్నిటికంటే కిందది, పెద్దది సుమారు 100 మీటర్ల ఎత్తు. అంటే ముప్పై అంతస్తుల అపార్ట్‌మెంట్ మీద నుంచి నీళ్లు వదిలితే ఎలా ఉంటుందో అలా.

ఈ వారం కబుర్లు అక్కడివే. ముందే చెప్తున్నా, జలపాతం ఎంత బావుందో చెప్పడానికి నాకు ఒక్క పేరా చాలు. ఫొటోలు మీ ఫోన్‌లోనే బోలెడు దొరుకుతాయి. నేను చెప్పాలనుకున్నది ఆ జలపాతం దగ్గరికి వెళ్లే దారి గురించి. ఆ దారి ఎవరిది, దాని మీద నడిచినందుకు మనం ఎవరికి ఎంత ఇవ్వాలి అన్న చిన్న గొడవ గురించి. గొడవ చిన్నదే గానీ, ఇంటికొచ్చాక కూడా నన్ను వదల్లేదు.

బజాజ్ బండి, చపాతీ రోలెక్స్

విమానం దిగేది ఎంటెబ్బెలో, విక్టోరియా సరస్సు ఒడ్డున. అక్కణ్నుంచి రాజధాని కంపాలా. కంపాలా నుంచి సిపి సుమారు 280 కిలోమీటర్లు. ఇంచుమించు హైదరాబాద్ నుంచి విజయవాడ దూరం. కానీ మన హైవే స్పీడు ఊహించుకోకండి. పొద్దున్నే బయల్దేరితే ఎంబాలె అనే టౌన్‌లో బండి మారి, సాయంత్రానికి చేరతారు.

అక్కడ 'టాక్సీ' అంటే కారు కాదు. పద్నాలుగు సీట్ల తెల్ల వ్యాను, చుట్టూ నీలం గళ్ల పట్టీ. రూలు మాత్రం మన షేర్ ఆటోదే. నిండితేనే కదులుతుంది, నిండాక కూడా ఇంకో ఇద్దరికి చోటుంటుంది. జింజా అనే ఊరి దగ్గర వంతెన దాటేటప్పుడు కింద కనిపించేది నైలు నది. విక్టోరియా సరస్సులోంచి నైలు బయటికొచ్చేది అక్కడే. వ్యానులో సగం మంది నిద్రలో ఉన్నారు. నేను మాత్రం కిటికీకి ముక్కు ఆనించి కూర్చున్నా. సోషల్ పుస్తకంలో ఈజిప్టు పాఠంలో చదువుకున్న నది, ఆ ఈజిప్టుకి వేల కిలోమీటర్ల ఇవతల కనిపిస్తుంటే నిద్ర ఎలా పడుతుంది?

వ్యాను ఆగగానే చుట్టుముట్టేవి బోడా బోడాలు, అంటే బైక్ టాక్సీలు. కెన్యా సరిహద్దులో ఒక 'బోర్డర్' పోస్టు నుంచి ఇంకో 'బోర్డర్' పోస్టుకి మనుషుల్ని దింపిన సైకిళ్లకి వచ్చిన పేరు అది. సైకిళ్లు పోయి బైకులొచ్చినా పేరు అలాగే ఉండిపోయింది. ఆ బైకుల్లో చాలావరకు మన బజాజ్ బాక్సర్లే. ఫోన్ తీస్తే ఎయిర్‌టెల్ సిగ్నల్. ఇంత దూరం వచ్చి మళ్లీ మన కాలనీ సెంటర్లోనే దిగామా అనిపిస్తుంది.

ఆకలేస్తే రోలెక్స్ అడగండి. వాచీ కాదు. రెండు గుడ్లు, సన్నగా తరిగిన క్యాబేజీ, ఉల్లిపాయ, టమాటా కలిపి ఆమ్లెట్ వేసి, దాన్ని చపాతీలో చుట్టి ఇస్తారు. 'రోల్డ్ ఎగ్స్' అన్నది నోట్లో నలిగి నలిగి రోలెక్స్ అయింది. మరి ఆఫ్రికా పల్లెలో చపాతీ ఏంటి? 1896లో మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు దాకా ఉగాండా రైల్వే వేయడానికి బ్రిటిష్ వాళ్లు మన దేశం నుంచి ముప్పై వేల మందికి పైగా కూలీల్ని తీసుకెళ్లారు. ఎక్కువమంది పంజాబ్ వైపు వాళ్లు. వాళ్ల వెనకాల వ్యాపారులు వెళ్లారు, వాళ్లందరితో చపాతీ వెళ్లింది. 1972లో ఇదీ అమీన్ అక్కడి ఆసియా వాళ్లని 90 రోజుల్లో దేశం వదిలి పొమ్మన్నాడు. వేలమంది కట్టుబట్టలతో వెళ్లిపోయారు. చపాతీ మాత్రం పోలేదు. ఇప్పుడు దాన్ని ఎవరూ ఇండియా తిండి అనుకోరు. ఉగాండా తిండే.

పరిగెత్తే ఊరు

సిపి ఎత్తు 1,700 మీటర్లకు పైనే. మన అరకు కంటే చాలా ఎత్తు. భూమధ్యరేఖ పక్కనే ఉన్నా సాయంత్రానికి స్వెటర్ కావాలి. వెనకాల ఉన్న ఎల్గాన్, ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతం. సగం ఉగాండాలో, సగం కెన్యాలో. దాని అన్నిటికంటే ఎత్తైన శిఖరం వగగై, 4,321 మీటర్లు. ఆ అగ్నిపర్వతం మట్టి వల్లే ఈ కొండంతా కాఫీ, అరటి, మొక్కజొన్న పచ్చగా పండుతాయి.

ఇక్కడివాళ్లు సబిని తెగ. కెన్యాలో పరుగుకి పేరుమోసిన కలెంజిన్ జనాలకి దగ్గరి చుట్టాలు. పరుగు వీళ్లకీ వచ్చింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మారథాన్ గోల్డ్ గెలిచిన స్టీఫెన్ కిప్రోటిచ్ ఈ కప్‌చోర్వా ప్రాంతం వాడే. ఉగాండాకి నలభై ఏళ్ల తర్వాత వచ్చిన ఒలింపిక్ గోల్డ్ అది. 2020లో 5,000, 10,000 మీటర్లు రెండింట్లోనూ వరల్డ్ రికార్డులు కొట్టి, 2024 పారిస్‌లో 10,000 మీటర్ల గోల్డ్ తెచ్చిన జాషువా చెప్తెగై కూడా ఈ కొండవాడే. పొద్దున్న ఆరింటికి రోడ్డు మీదకొస్తే పొగమంచులోంచి గుంపులు గుంపులుగా పిల్లలు పరిగెత్తుకుంటూ వస్తారు. కొందరిది ప్రాక్టీసు. కొందరు స్కూలుకి లేటైనవాళ్లు. ఎవరు ఎవరో కనిపెట్టడం కష్టం.

నా గైడు కూడా వాళ్లలో ఒకడు. ఇరవై రెండేళ్లుంటాయి. పొద్దున పరుగు, పగలు టూరిస్టులు. "రికార్డులు కొట్టేది ఇద్దరో ముగ్గురో సిస్టర్, మిగతా మేమంతా మిమ్మల్ని జలపాతాలకి తీసుకెళ్తాం" అని నవ్వాడు. నవ్వుతూ చెప్పాడు గానీ, అందులో ఎంత నిజముందో కోటాలో, కాకినాడలో కోచింగ్ సెంటర్ల పక్క సందులు చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

నీళ్లు దేవుడివి, నిచ్చెన నాది

సరే, అసలు విషయానికొద్దాం. సిపి జలపాతాలు ఎల్గాన్ నేషనల్ పార్కు హద్దుకి బయట ఉన్నాయి. గేటు, కౌంటరు, క్యూ ఏమీ లేవు. మూడూ చూడాలంటే మూడు నాలుగు గంటల నడక. ఆ నడకంతా జనం పొలాల్లోంచి, పెరళ్లలోంచి, ఒక్కోచోట వంటింటి గుమ్మం ముందు నుంచి. కాఫీ చెట్ల కింద నుంచి వంగి వెళ్తాం. అరటి ఆకులు మొహానికి తగులుతాయి. మధ్యలో ఉన్న జలపాతం వెనకాల రాతిలో గుహ ఉంది. లోపలికెళ్లి నిలబడితే ముందు నీళ్ల తెర, దాని అవతల మబ్బులా ఉగాండా మైదానం. పెద్ద జలపాతం కిందకి దిగేసరికి తుంపరకే బట్టలన్నీ తడిసిపోతాయి. మాట్లాడితే వినపడదు. ఫోన్ జేబులో పెట్టేసి ఊరికే నిలబడ్డా. జలపాతం గురించి చెప్తానన్న పేరా ఇదే. అయిపోయింది.

ఆ పెద్ద జలపాతం దగ్గరికి దిగేచోట ఒక నిటారు రాతి అంచు ఉంది. అక్కడ కర్రలతో కట్టిన నిచ్చెన. నిచ్చెన పక్కన చిన్న బల్ల మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. అక్కడ పెద్ద వయసు ఆడవాళ్లని 'మామా' అంటారు. మన చెవికి కాస్త తేడాగా ఉంటుంది గానీ, అమ్మ అని అర్థం. ఆ మామా మనిషికి రెండు వేల షిల్లింగులు అడిగింది. అప్పట్లో రూపాయికి నలభై పైచిలుకు షిల్లింగులు కాబట్టి, మన డబ్బుల్లో యాభై రూపాయల లోపు.

మా ముందు ఇద్దరు టూరిస్టులున్నారు. ఏ దేశం వాళ్లో అడగలేదు. వాళ్లు అప్పటికే పైన రెండుచోట్ల ఇలాగే కట్టి వచ్చారు. మూడోసారి అడిగేసరికి ఒకతనికి ఒళ్లు మండింది. "ప్రకృతి అందరిదీ. జలపాతం నువ్వు కట్టావా? దానికి డబ్బులేంటి?" అన్నాడు.

గైడు ఆ మాటని వాళ్ల భాషలో ఆవిడకి చెప్పాడు. ఆవిడ కోప్పడలేదు. తాపీగా నాలుగు ముక్కలు చెప్పింది. గైడు మాకు చెప్పాడు: "నీళ్లు దేవుడివే అంటోంది. వాటికి నేను డబ్బులు అడగలేదు. నిచ్చెన నాది. వానలు పడ్డప్పుడల్లా ఇది కొట్టుకుపోతుంది. మళ్లీ కర్రలు కొనాలి, మనిషిని పెట్టి కట్టించాలి. మీరు నడిచొచ్చిన దారి కూడా నా కాఫీ తోటే."

వెనక్కి తిరిగి చూశా. నిజమే. మేం నడిచొచ్చిన బాట పక్కన మట్టి కిందకి జారిపోయి కాఫీ చెట్ల వేళ్లు బయటికొచ్చి ఉన్నాయి. రోజూ ఇంతమంది బూట్లు తొక్కితే, అంత వాలులో మట్టి ఎక్కడ నిలుస్తుంది? టూరిస్టులు ఎక్కువొచ్చిన ప్రతి సీజన్‌లో ఆవిడకి తోట అంచున ఒక వరస తగ్గుతోంది.

అతను చివరికి డబ్బులిచ్చాడు. కానీ ఆ ఇచ్చే తీరు చూడాలి. దానం చేసినట్టు.

ఆరు కిలోల పండ్లకి ఒక కిలో గింజ

నిచ్చెన ఎక్కి తిరిగొచ్చాక ఆవిడ మమ్మల్ని పెరట్లోకి రమ్మంది. కాఫీ ఎలా చేస్తారో చూపిస్తానంది. దానికి వేరే డబ్బులు, అది ముందే చెప్పింది. సిపిలో చాలా ఇళ్లలో ఇది ఉంది. నా సలహా ఏంటంటే, జలపాతానికి టైం తక్కువైనా పర్లేదు, దీనికి మాత్రం ఉంచుకోండి.

ఎర్రగా పండిన కాఫీ పండ్లని చేత్తో తిప్పే చిన్న మిషన్లో వేస్తే తోలు ఊడి, జిగట గింజలు బయటికొస్తాయి. వాటిని నానబెట్టి, కడిగి, ఎండలో ఆరబెట్టాలి. ఎండినవాటిని రోట్లో పోసి రోకలితో దంచాలి. అచ్చం వడ్లు దంచినట్టే. పొట్టు ఊడాక చేటలో పోసి చెరగడం కూడా అచ్చం మనలాగే. రోకలి నా చేతికిచ్చి దంచమంది. పది పోట్లకే భుజం పట్టేసింది. ఆవిడ, ఆవిడ కోడలు పడీ పడీ నవ్వారు. మూడు రాళ్ల పొయ్యి మీద మూకుడు పెట్టి గింజలు నల్లబడేదాకా వేయించి, మళ్లీ రోట్లో పొడి చేసి, మరిగే నీళ్లలో వేసి ఇచ్చారు. ఇంతకంటే తాజా కాఫీ నేనెప్పుడూ తాగలేదు.

తమాషా ఏంటంటే, ఇంత మంచి అరబికా పండించే ఊళ్లో జనం ఎక్కువగా తాగేది టీ. 'ఆఫ్రికన్ టీ' అంటారు. పాలు, అల్లం వేసి మరిగించింది. అంటే మన అల్లం చాయే. కాఫీ అమ్ముకోవడానికి, టీ తాగడానికి.

ఇప్పుడు చిన్న లెక్క. సుమారు ఆరు కిలోల పండ్లు కోస్తే ఒక కిలో పచ్చి గింజ వస్తుంది. వేయిస్తే అది 800 గ్రాములకు అటూ ఇటూ అవుతుంది. కప్పుకి 15 గ్రాముల పొడి అనుకున్నా, యాభై కప్పులకు పైనే. హైదరాబాద్‌లో కాస్త పేరున్న కేఫ్‌లో కప్పు 250 రూపాయలనుకుంటే పన్నెండు వేల ఐదొందలు. అందులో కేఫ్ అద్దె, పాలు, జీతాలు, షిప్పింగ్ అన్నీ ఉంటాయి, కాదనను. కానీ ఆరు కిలోలు ఒక్కొక్క పండు ఏరి, వీపున మోసుకొచ్చిన చేతికి అందులో చేరేది చివరి చిల్లరే. ఎల్గాన్ కాఫీకి సంఘాలు కొత్త కాదు. ఎంబాలెలో బుగిసు కోఆపరేటివ్ యూనియన్ 1954 నుంచీ ఉంది. అయినా చిన్న రైతుకి స్కూలు ఫీజు కట్టే రోజొస్తే, ధర వచ్చేదాకా ఆగే ఓపిక ఉండదు. గుమ్మం ముందుకొచ్చిన దళారి చెప్పిందే రేటు. ఈ మాట మనకీ కొత్త కాదు కదా.

అందుకే ఆ రెండు వేల షిల్లింగులు ముఖ్యం. కాఫీ ఏడాదికి ఒక సీజన్. నిచ్చెన డబ్బు ఏ రోజుకారోజు చేతిలో పడుతుంది, మధ్యలో దళారి లేకుండా.

కొండ కూడా జారుతుంది

ఆ వాలు గురించి ఇంకో మాట. ఎల్గాన్ వానలు సరదా వానలు కావు. 2010 మార్చిలో ఇదే కొండకి ఇంకోవైపున్న బుదూడాలో కొండచరియలు విరిగిపడి వందలమంది పోయారు. 2024 నవంబర్‌లో సిపికి పక్కనున్న బులాంబులి జిల్లాలో ఇళ్లు మట్టి కింద కప్పడిపోయాయి. అదే ఏడాది జూలైలో మన వయనాడ్ చూశాం. సారవంతమైన మట్టి, బాగా వాన, నిటారు వాలు, పెరుగుతున్న జనం. కాఫీ బాగా పండడానికి కారణాలూ, కొండ జారడానికి కారణాలూ చాలావరకు ఒకటే. నేల ముక్కలవుతున్న కొద్దీ జనం ఇంకా వాలులోకి వెళ్లి ఇల్లు కట్టుకుంటారు. వేరే చోటుకి పొమ్మంటే ఎక్కడికి పోతారు?

ఇదంతా తెలిశాక, "నిచ్చెనకి డబ్బులేంటి" అన్న మాట నాకు వేరేలా వినపడింది.

అలాగని అన్ని గేట్లూ న్యాయమే అని నేననను. ఒకే నడకలో నాలుగుసార్లు పర్సు తీయాల్సి వస్తే ఎవరికైనా చిరాకే. ఎవరు నిజంగా ఆ నేల ఓనరో, ఎవరు ఊరికే తాడు కట్టి కూర్చున్నారో మనకి తెలీదు. "అందరికీ కలిపి ఒకటే టికెట్ పెట్టి, పంచుకోవచ్చు కదా" అని గైడుని అడిగా. అతను కాసేపు ఆలోచించి అన్నాడు: "టికెట్ పెడితే ఆఫీసు పెట్టాలి. ఆఫీసు రోడ్డు మీద ఉంటుంది. మామా నిచ్చెన దగ్గర ఉంటుంది. రోడ్డు మీది డబ్బు నిచ్చెన దాకా దిగుతుందా సిస్టర్?"

నా దగ్గర సమాధానం లేదు. మీ దగ్గరుంటే చెప్పండి.

మన అరకు సంగతి

అక్కడున్నంతసేపూ నాకు అరకే గుర్తొచ్చింది. కొండ, గిరిజన రైతులు, నీడ చెట్ల కింద అరబికా, జలపాతాలు. అరకు కాఫీ పేరుతో 2017లో పారిస్‌లో షాపు తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకి జీఐ ట్యాగ్ వచ్చింది. గర్వపడాల్సిందే, నేనూ స్టేటస్ పెట్టా. కానీ కటికి జలపాతానికి వెళ్లే దారిలో బొంగులో చికెన్ అమ్మే అక్కతో యాభై రూపాయల కోసం పావుగంట బేరమాడే కార్ల బ్యాచ్‌లనీ చూశా. తాగి పడేసిన సీసాలు ఏరుకునేది కూడా ఆ అక్కే. అక్కడ మనం టూరిస్టులం. సిపిలో ఆ ఇద్దరూ టూరిస్టులు. మధ్యలో ఒక సముద్రముంది గానీ, బేరం ఒకటే.

అందమైన చోటు ఉన్న ప్రతి ఊళ్లో ఎవరో ఒకరు దాన్ని అందంగా ఉంచుతుంటారు. బాట ఊడుస్తారు, నిచ్చెన కడతారు, చెట్టు నరక్కుండా ఆగుతారు. ఆ పనికి జీతం లేదు. మనం నవ్వుతూ ఇచ్చినా, గొణుక్కుంటూ ఇచ్చినా, ఆ యాభై రూపాయలే జీతం.

వెళ్లాలనుకుంటే

వీసా: ఉగాండా ఈ-వీసా ఆన్‌లైన్‌లోనే. కెన్యా, రువాండా కూడా చూసేట్టయితే మూడింటికీ కలిపి ఈస్ట్ ఆఫ్రికా టూరిస్ట్ వీసా ఉంది.

టీకా: ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ తప్పనిసరి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు, వెళ్లే ముందు రోజులు, టైములు కనుక్కోండి. ఆ కార్డు తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనూ అడుగుతారు, పారేసుకోకండి. మలేరియా మాత్రల గురించి డాక్టర్‌ని అడగండి.

ఎప్పుడు: డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య దారులు కాస్త పొడిగా ఉంటాయి. మార్చి నుంచి మే దాకా వానలు, బురద. ఏ నెలైనా గ్రిప్ ఉన్న బూట్లు, రెయిన్ జాకెట్ ఉండాలి.

డబ్బు: చిన్న నోట్లు బోలెడు పెట్టుకోండి. యాభై వేల నోటు తీస్తే నిచ్చెన దగ్గర చిల్లర ఉండదు. గైడు ఫీజు, దారి డబ్బులు, కాఫీ డబ్బులు, ఏది ఎందులో కలిసిందో బయల్దేరే ముందే మాట్లాడుకోండి. సగం గొడవలు అక్కడే తీరిపోతాయి.

తిండి: వెజ్ వాళ్లకి దిగులక్కర్లేదు. ఉడికించిన పచ్చి అరటి మటోకె, వేరుశనగ గ్రేవీ, బీన్స్, చపాతీ ప్రతిచోటా ఉంటాయి. మొక్కజొన్న పిండితో చేసే పోషో అయితే మన సంగటికి తమ్ముడే. నంజుకోవడానికి ఆవకాయ మాత్రం మీరే పట్టుకెళ్లాలి.

కాఫీ: సూపర్ మార్కెట్లో కొనకండి. రోకలి పట్టుకున్న చేతి దగ్గరే కొనండి. నేను రెండు కిలోలు తెచ్చా. ఆవిడ చెప్పిన రేటే ఇచ్చా, బేరమాడలేదు. మా ఆఫీసులో అందరికీ కాఫీ పెట్టి, "ఎలా ఉంది?" అని అడిగితే అందరూ బావుందన్నారు. ఒకమ్మాయి మాత్రం "కాస్త పొగ వాసనొస్తోంది" అంది. వస్తుంది మరి. మూడు రాళ్ల పొయ్యి మీద వేయించింది.